గ్లైడర్ పోటీకి ఏ స్టాప్‌వాచ్? టైమ్‌కీపర్లతో మాట్లాడిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం అండి. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? మైక్ కొంచెం దగ్గరికి పెట్టుకుంటా. ఆ, ఇప్పుడు బావుంది.

రేపటి మోడల్ గ్లైడర్ల పోటీకి, అంటే మనం చేత్తో చేసుకుని ఎగరేసే చిన్న విమానాల పోటీకి, టైమ్‌కీపర్లుగా పేర్లిచ్చినవాళ్ళు దాదాపు అందరూ ఇక్కడే ఉన్నారు, కాలేజీ పిల్లలున్నారు, ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ కేడెట్లున్నారు, ముందు వరసలో నాకంటే పెద్దవాళ్ళు కూడా ఉన్నారు. రూల్స్ సంగతి తర్వాత వేరే సార్ చెప్తారు, నాకిచ్చింది స్టాప్‌వాచ్ టాపిక్. ఏది కొనాలి, కొన్నదాన్ని చేతిలో ఎలా పట్టుకోవాలి, ఏది అసలు గ్రౌండ్‌కి తేకూడదు. వినడానికి చిన్న విషయంలాగే ఉంటుంది కానీ ఒక్కసారి పైలట్, అంటే కింద నిలబడి మోడల్ ఎగరేసే మనిషి, ఆ వైపు నుంచి చూడండి, ఆ అబ్బాయో అమ్మాయో నెలల తరబడి బల్సా చెక్క కోసి, కార్బన్ అతికించి, బ్యాలెన్స్ చూసుకుని, తెల్లారకముందే లేచి ట్రిమ్మింగ్, అంటే మోడల్ సరిగ్గా ఎగిరేలా సర్దుకోవడం, చేసుకుని గ్రౌండ్‌కి వస్తారు, ఆ కష్టమంతా కాగితం మీదికి ఎక్కేది మాత్రం మన చేతిలో వాచీ చూపించే అంకె రూపంలోనే. ఆ అంకె తప్పైతే దాన్ని ఎవరూ వెనక్కి తేలేరు, ఎందుకంటే ఆ ఫ్లైట్ మళ్ళీ రాదు.

షాపుకెళ్ళినా ఆన్‌లైన్‌లో చూసినా అందరూ ముందు అడిగే ప్రశ్న, సెకనులో నూరో వంతు చూపించేది చాలా, వెయ్యో వంతు చూపించేది కావాలా అని. ఎక్కువ అంకెలుంటే ఎక్కువ కరెక్ట్ అనుకుంటారు, ధర కూడా ఎక్కువ ఉంటుంది కాబట్టి ఇంకా నమ్మకం కుదురుతుంది. నేను మాత్రం అంకెలు తర్వాత చూడండి, ముందు బటన్ చూడండి అంటాను. కళ్ళు గ్లైడర్ మీదే ఉంచి, వాచీ వైపు చూడకుండా, నొక్కానా లేదా అనేది వేలికే తెలిసిపోవాలి. ఇవాళ నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ముందు లోపల ఏముందో చూద్దాం. రెండు మూడు వందలకి దొరికే వాచీలో ఉన్నా, పేరున్న కంపెనీ ఖరీదైన వాచీలో ఉన్నా లోపల ఉండేది చిన్న క్వార్ట్జ్ ముక్కే, అది సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది. ఎందుకా నంబరు అంటే అది రెండుని పదిహేను సార్లు హెచ్చిస్తే వచ్చేది, దాన్ని సగం సగం చేసుకుంటూ పోతే సరిగ్గా సెకనుకి ఒక్క తట్టు మిగులుతుంది, సర్క్యూట్‌కి అది తేలిక. మామూలు క్వార్ట్జ్ నెలకి 15 సెకన్లు అటో ఇటో పోతుంది. నెలకి 15 అంటే రోజుకి అర సెకను. రోజులో పది నిమిషాల ముక్కలు 144 ఉంటాయి, అంటే పది నిమిషాల ఫ్లైట్‌లో క్వార్ట్జ్ వల్ల వచ్చే తప్పు సెకనులో వెయ్యింట మూడు నాలుగు వంతులు. నాసిరకం వాచీ దానికి రెట్టింపు తప్పు పోయినా నూరో వంతు లోపే. ఇది ఏ గ్లైడర్ పోటీలోనూ ఎవరి ర్యాంకునీ మార్చదు.

ఎండ సంగతి కూడా అడుగుతారు, మన దగ్గర సహజమే, రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలలో గ్రౌండ్ మీద నిలబడితే వాచీ పరుగు మారదా అని. మారుతుంది. ఈ క్వార్ట్జ్ 25 డిగ్రీల దగ్గర సరిగ్గా నడిచేలా చేస్తారు, అక్కణ్ణుంచి వేడెక్కినా చల్లబడినా నెమ్మదిస్తుంది. కానీ ఎంత? 45 డిగ్రీలకి లెక్కేస్తే పది నిమిషాల్లో నూరో వంతు కూడా తేడా రాదు. కాబట్టి ఎండ వల్ల టైమ్ తప్పు పోతుందని దిగులు వద్దు, ఎండ దెబ్బ తినేది డిస్‌ప్లే, దాని దగ్గరికి తర్వాత వస్తా.

మరి తప్పు ఎక్కణ్ణుంచి వస్తుంది? మన దగ్గర్నుంచే. కంటికి కనపడింది మెదడుకి చేరి, మెదడు వేలికి చెప్పి, వేలు బటన్ నొక్కేసరికి దాదాపు 0.2 సెకను పోతుంది. అలసిపోతే ఇంకా ఎక్కువ. ఇంటర్‌లో లఘులోలకం ప్రయోగం చేసినప్పుడు ఒక్క డోలనానికి టైమ్ తీసుకోకుండా ఇరవైకి తీసి ఇరవైతో భాగించమన్నారు కదా, ఎందుకంటే నొక్కడంలో వచ్చే తప్పు ఇరవై ముక్కలవుతుందని. మన ఫ్లైట్లకి ఆ సదుపాయం లేదు, ఒక్క ఫ్లైట్‌కి ఒక్కసారే నొక్కుతాం. అయితే ఒక చిన్న మేలుంది, మొదలుపెట్టేటప్పుడు 0.2 ఆలస్యంగా నొక్కి, ఆపేటప్పుడు కూడా అంతే ఆలస్యంగా నొక్కితే రెండూ చెల్లుకు చెల్లు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి, ఆలస్యం ఉండటం సమస్య కాదు, రెండు చివర్లా ఒకేలా లేకపోవడమే సమస్య.

ఒకేలా ఎందుకు ఉండదో చూడండి. ల్యాండింగ్ ముందే కనిపిస్తుంది, గ్లైడర్ నేలకి దగ్గరౌతూ వస్తుంటే ఇదిగో తాకబోతోంది అని వేలు రెడీ అయిపోతుంది, చాలామంది తాకకముందే నొక్కేస్తారు. లాంచ్ అలా ఉండదు. చేత్తో గుండ్రంగా తిరిగి డిస్కస్ విసిరినట్టు విసిరే గ్లైడర్లలో తిరగడం కనిపిస్తుంది కాబట్టి కొంత అంచనా ఉంటుంది. అదే తాడుతో లాగి వదిలే ఫ్రీ ఫ్లైట్ గ్లైడర్, అంటే వదిలాక ఎవరూ నడపకుండా తనంతట తానే ఎగిరేది, పోటీల్లో దాని తరగతి పేరు ఎఫ్‌1ఏ, పాతకాలంలో నార్డిక్ ఏ2 అనేవాళ్ళు, దాంట్లో పైలట్ 50 మీటర్ల తాడు చివర మోడల్‌ని పట్టుకుని థర్మల్, అంటే పైకి లేచే వేడిగాలి, దొరికేదాకా గ్రౌండంతా తిరుగుతూనే ఉంటాడు, ఎప్పుడు వదులుతాడో మనకి తెలీదు, ఒక్కసారిగా పరిగెత్తి తాడు లాగి వదిలేస్తాడు. అక్కడ మన స్టార్ట్ ఆలస్యం, ల్యాండింగ్ దగ్గరేమో తొందర, రెండూ కలిసి ఫ్లైట్ టైమ్ తగ్గించేస్తాయి, అంటే నష్టపోయేది పైలటే. అందుకే స్టార్ట్‌కీ స్టాప్‌కీ ఒకే చెయ్యి, ఒకే వేలు, ఒకే బటన్ వాడండి. బొటనవేలు మంచిదా చూపుడు వేలు మంచిదా అని వాదన ఎప్పుడూ ఉంటుంది, నాకు చూపుడు వేలే నచ్చుతుంది, కానీ ఏదైనా సరే మధ్యలో మార్చకండి.

ఇక్కడే ఇంకో మాట. ఫ్లైట్ ఎంత చిన్నదైతే వేలి తప్పు అంత పెద్దదైపోతుంది. ఎఫ్‌1ఏలో మ్యాక్స్, అంటే లెక్కలోకి వచ్చే గరిష్ట టైమ్, మూడు నిమిషాలు, 180 సెకన్లలో 0.3 తప్పు పోయినా ఎవరికీ పెద్దగా తెలీదు. మన కాలేజీ ఫెస్టుల్లో ఆడిటోరియంలోనో ఇండోర్ స్టేడియంలోనో పెట్టే, చేత్తో విసిరే చక్ గ్లైడర్ పోటీలు చూడండి, పది సెకన్లు ఎగిరితే చప్పట్లు కొడతారు, ఆ పది సెకన్లలో 0.3 అంటే మూడు శాతం, ఫస్ట్ ప్రైజ్‌కీ సెకండ్ ప్రైజ్‌కీ మధ్య దూరం చాలాసార్లు అంతకంటే తక్కువ. అలాంటి చోట ఒక్కళ్ళే ఫోన్ పట్టుకుని టైమ్ తీసి 9.87, 9.91 అని బోర్డు మీద రాసి ప్రైజులివ్వడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఎంత ఖరీదైన వాచీ ఇచ్చినా దానికి పరిష్కారం కాదు, ముగ్గురిని నిలబెట్టి మూడు మామూలు వాచీలిచ్చి మధ్యలో వచ్చిన టైమ్ తీసుకుంటే చాలా మెరుగు. బడ్జెట్ తక్కువుంటే ఒక మంచి వాచీ బదులు మూడు సాదా వాచీలే కొనమంటాను నేను. ఎఫ్‌ఏఐ, అంటే అంతర్జాతీయ వైమానిక క్రీడల సంస్థ, దాని ఫ్రీ ఫ్లైట్ రూల్స్‌లో కూడా ఒక్కో ఫ్లైట్‌కి కనీసం ఇద్దరు టైమ్‌కీపర్లు ఉండాలి, ఇద్దరి టైమ్‌ల సగటు తీస్తారు. వాచీలు డిజిటల్‌వి, నూరో వంతు వరకు చూపించేవి అయ్యుండాలని కూడా అందులోనే ఉంది. నూరో వంతు అనేది బజార్లో దొరికే డిజిటల్ వాచీల్లో దాదాపు అన్నిటిలోనూ ఉంటుంది, కాబట్టి ఆ రూల్ కోసం ప్రత్యేకంగా ఏదీ వెతుక్కోనక్కర్లేదు.

సరే, ఇప్పుడు బటన్. వాచీ చేతిలోకి తీసుకోగానే నేను చేసే మొదటి పని కళ్ళు మూసుకుని నొక్కడం. నొక్కినప్పుడు ఒక చోట టక్కుమని విరిగినట్టు తెలియాలి, మెత్తగా లోపలికి దిగిపోయి ఎక్కడ పనిచేసిందో తెలీని బటన్ అయితే పక్కన పెట్టేయండి. మరీ గట్టిగా ఉంటే నొక్కేటప్పుడు చెయ్యంతా కదులుతుంది, అదీ వద్దు. మెల్లిగా నొక్కి చూడండి, సగంలో ఒకసారి, చివర్లో ఒకసారి రెండుసార్లు పడుతోందా? చౌక వాచీల్లో ఇది బాగా ఎక్కువ, స్టార్ట్ అయ్యి వెంటనే స్టాప్ అయిపోతుంది, మీరు పైకి చూస్తూ ఉంటారు, మూడు నిమిషాల తర్వాత కిందకి చూస్తే 0.11 అని ఉంటుంది. షాపులోనే ఇరవై ముప్ఫై సార్లు నొక్కి చూడండి, షాపతను ఏమన్నా అనుకుంటే అనుకోనివ్వండి.

రీసెట్ బటన్ ఎక్కడుందో చూడండి. మంచి వాచీల్లో టైమ్ నడుస్తుండగా రీసెట్ అవ్వదు, ఆపాకే అవుతుంది. ఎక్కువ వాచీల్లో కుడివైపు బటన్ స్టార్ట్-స్టాప్, ఎడమవైపుది నడుస్తున్నప్పుడు నొక్కితే స్ప్లిట్, ఆగి ఉన్నప్పుడు నొక్కితే రీసెట్. కొత్తవాళ్ళకి ఇక్కడో ప్రమాదం ఉంది, పొరపాటున ఎడమది తగిలితే అంకెలు ఆగిపోయినట్టు కనపడతాయి, అయ్యో ఆగిపోయిందే అని కంగారుపడి కుడిది నొక్కేస్తారు, అప్పుడు నిజంగానే ఆగిపోతుంది. స్ప్లిట్‌లో అంకెలు మాత్రమే నిలబడతాయి, లోపల టైమ్ నడుస్తూనే ఉంటుంది, ఎడమది ఇంకోసారి నొక్కితే మళ్ళీ పరిగెత్తే అంకెలొస్తాయి. డిస్‌ప్లేలో ఏదో మూల చిన్న గుర్తు మెరుస్తూ ఉంటే టైమ్ నడుస్తోందని అర్థం. ఈ ఒక్క సంగతి రాత్రికి ఇంటికెళ్ళి మీ వాచీ మీద చేసి చూసుకోండి చాలు.

ఫ్రీ ఫ్లైట్ టైమింగ్ చేసేవాళ్ళకి ఇంకో కష్టముంది, బైనాక్యులర్. గాలి సెకనుకి 5 మీటర్లు ఉందనుకోండి, పెద్ద గాలేం కాదు, మూడు నిమిషాల్లో మోడల్ 900 మీటర్లు కొట్టుకుపోతుంది. రూల్స్ ప్రకారం 9 మీటర్ల గాలి దాకా పోటీ ఆపరు, ఆ గాలిలో కిలోమీటరున్నర దాటిపోతుంది. రెండు మీటర్లకి పైన ఉండే ఎఫ్‌1ఏ రెక్క 900 మీటర్ల దూరంలో ఎంత కనిపిస్తుందంటే, నిండు చందమామ అడ్డకొలతలో పావు వంతు. అది కూడా అడ్డంగా తిరిగినప్పుడే, మనకి ఎదురుగా తిరిగితే గీతలా మాయమైపోతుంది. ఒక్క క్షణం కళ్ళు తిప్పి వాచీ చూశామా, మళ్ళీ దొరకదు. రెండు చేతులూ బైనాక్యులర్ పట్టుకుని ఉంటాయి, మరి వాచీ ఎక్కడ? కొంతమంది మెడలో తాడుకి వేలాడదీసి చివర్లో వెతుక్కుంటారు, అది తప్పు, ల్యాండింగ్ అప్పుడు తడుముకునేసరికి ఒక సెకను పోతుంది. చిన్న సైజు, పల్చటి వాచీ తీసుకుని కుడి అరచేతికీ బైనాక్యులర్‌కీ మధ్య ఇరికించి చూపుడు వేలు బటన్ మీదే ఉంచుకోవాలి, లేదా ట్రైపాడ్ ఉంటే దాని పిడికి టేపు వేసి బిగించుకోవచ్చు. అందుకే ఈ పోటీలకి పెద్ద పెద్ద డిస్‌ప్లే, పది బటన్లు ఉన్న కోచింగ్ వాచీలు పనికిరావు. అరచేతిలో ఇమిడిపోయేదే కావాలి. తాడు మాత్రం ఎప్పుడూ ఉండాలి, ఊడిపోని క్లిప్పుతో.

ఇందులోనే వచ్చే ఇంకో రూలు, మోడల్ చెట్టు వెనక్కో మబ్బులోకో పోయి కనపడకపోతే పది సెకన్లు ఆగి చూడాలి, మళ్ళీ కనపడితే ఫ్లైట్ కొనసాగుతుంది, కనపడకపోతే అక్కడితో ఆపేసి ఆ పది సెకన్లు తీసేయాలి. ఆ పదీ ఎలా లెక్కపెడతారు? మనసులో లెక్కపెడితే కంగారులో ఏడుకే పదైపోతుంది. ఇక్కడే స్ప్లిట్ బటన్ అక్కరకొస్తుంది, కనపడకుండా పోయిన క్షణంలో స్ప్లిట్ నొక్కితే ఆ టైమ్ డిస్‌ప్లే మీద నిలబడి ఉంటుంది, పది లెక్కపెట్టే పని పక్కన ఉన్న రెండో మనిషికి ఇవ్వండి, మీరు చూస్తూనే ఉండండి. కనపడితే స్ప్లిట్ వదిలేసి కొనసాగించొచ్చు. కాబట్టి ఫ్రీ ఫ్లైట్‌కి కొనేవాళ్ళు స్ప్లిట్ లేని వాచీ తీసుకోకండి.

ఇప్పుడు రేపటి పోటీకి దగ్గరగా వద్దాం, చేత్తో విసిరే రేడియో కంట్రోల్ గ్లైడర్లు, ఎఫ్‌3కే. రెక్క మీటరున్నర మించకూడదు, బరువు 600 గ్రాములు మించకూడదు. ఇందులో టైమ్‌కీపర్ పని పూర్తిగా వేరు, మోడల్ ఎక్కడికీ పోదు, పైలట్ పక్కనే మనం ఉంటాం, కష్టమంతా స్పీడులో ఉంది. ఒక టాస్క్ చూడండి, పది నిమిషాల వర్కింగ్ టైమ్‌లో, అంటే ఆ టాస్క్‌కి ఇచ్చిన గడువులో, ఒక నిమిషం, రెండు, మూడు, నాలుగు నిమిషాల ఫ్లైట్లు ఏ వరసలోనైనా చెయ్యాలి. కలిపితే సరిగ్గా పది నిమిషాలు, ఉన్న టైమూ పదే. అంటే పట్టుకుని మళ్ళీ విసిరే ప్రతి క్షణం నష్టమే, బాగా ఎగరేసేవాళ్ళు చేత్తో అందుకుని ఒక సెకనులో మళ్ళీ విసిరేస్తారు. ఇప్పుడు మన మామూలు వాచీతో ఏం చెయ్యాలి? స్టాప్ నొక్కి, టైమ్ చదివి, రాసుకుని, రీసెట్ నొక్కి, మళ్ళీ స్టార్ట్. ఒక సెకనులో అయ్యే పనేనా ఇది?

రెండు దారులున్నాయి. ఒకటి, రెండు వాచీలు, ఎడమ చేతిలో ఒకటి కుడి చేతిలో ఒకటి, మొదటి ఫ్లైట్ కుడిదాంతో, రెండోది ఎడమదాంతో, గాల్లో ఉండగా మొదటిది తాపీగా రాసుకుని రీసెట్ చేసుకుంటారు. ఒకే మోడల్ వాచీలు రెండు అయ్యుండాలి, లేకపోతే బటన్లు అటూ ఇటూ మారి చెయ్యి తికమకపడుతుంది. రెండో దారి, ల్యాప్ మెమరీ ఉన్న వాచీ. లాంచ్‌కి స్టార్ట్, పట్టుకోగానే ల్యాప్, మళ్ళీ విసరగానే ల్యాప్, అలా నొక్కుకుంటూ పోతే ఒకటి విడిచి ఒకటి ఫ్లైట్ టైమ్, మధ్యవి నేల మీద టైమ్. చివర్లో రీకాల్ చేసి రాసుకోవచ్చు. వాచీ కొనేటప్పుడు మెమరీలో ల్యాప్ దాస్తుందా స్ప్లిట్ దాస్తుందా చూడండి, ల్యాప్ అంటే ఆ ముక్క వరకే, స్ప్లిట్ అంటే మొదటి నుంచి మొత్తం. స్ప్లిట్ మాత్రమే దాచే వాచీ అయితే ప్రతి ఫ్లైట్‌కీ తీసివేతలు చెయ్యాలి, ఎండలో నిలబడి నిమిషాలు సెకన్ల తీసివేతలు చేస్తే తప్పులు రాక మానవు. మెమరీ పది ఉన్నా సరిపోయే టాస్కులు ఎక్కువే గానీ ముప్ఫై ఉంటే నిశ్చింత, వంద ఉండనక్కర్లేదు.

నన్నడిగితే కొత్తవాళ్ళకి రెండు వాచీల పద్ధతే చెప్తాను. ల్యాప్ పద్ధతిలో ఒక్కసారి నొక్కడం మర్చిపోయినా, ఒక్కసారి ఎక్కువ నొక్కినా అక్కణ్ణుంచి వరసంతా తారుమారైపోతుంది, ఏది ఫ్లైటో ఏది నేలో తెలీదు. రెండు వాచీల్లో పోతే ఒక్క ఫ్లైటే పోతుంది. అలవాటైనవాళ్ళు ల్యాప్‌కి మారొచ్చు, కానీ వాళ్ళు కూడా పక్కన కాగితం మీద రాస్తూనే ఉండాలి, మెమరీని నమ్మి రాయడం మానకూడదు.

వర్కింగ్ టైమ్ సంగతి మీరు పట్టించుకోనక్కర్లేదు, దానికి పెద్ద స్పీకర్ పెడతాం. గ్లైడర్‌స్కోర్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో లాప్‌టాప్ నుంచే కౌంట్‌డౌన్ వినిపిస్తుంది. గడువు ముగిసిందని హారన్ మోగాక గాల్లో ఉన్న టైమ్ లెక్కలోకి రాదు, తర్వాత ఉండే 30 సెకన్లు దిగడానికి మాత్రమే, కాబట్టి ఆఖరి ఫ్లైట్‌లో హారన్‌కే స్టాప్ నొక్కాలి, ల్యాండింగ్ కోసం ఎదురుచూడకూడదు.

బీప్ గురించి. నొక్కినప్పుడల్లా కుయ్యిమనే వాచీలు ఇంట్లో బావుంటాయి, పడింది అనే ధైర్యం వస్తుంది. గ్రౌండ్‌లో పది మంది టైమ్‌కీపర్లు వరసగా నిలబడ్డప్పుడు మాత్రం అది అయోమయం. ఎఫ్‌3కేలో ఒక టాస్క్‌లో అందరూ సిగ్నల్ వినగానే మూడు సెకన్లలో ఒకేసారి విసరాలి, పది బీపులు ఒకేసారి మోగుతాయి, మీ వాచీ మోగిందో పక్కవాడిది మోగిందో ఎలా తెలుస్తుంది? పైగా పైలట్‌కి కౌంట్‌డౌన్ వినపడాలి. అందుకే బీప్ ఆపే సదుపాయం ఉన్నదే తీసుకోండి. అప్పుడు మళ్ళీ బటన్ దగ్గరికే వస్తాం, శబ్దం లేనప్పుడు వేలికి తెలిసే టక్కు ఒక్కటే మనకి ఆధారం.

మోటార్‌తో పైకెళ్ళి ఆపేసి దిగే ఎఫ్‌5జే లాంటి థర్మల్ పోటీల్లో కథ మళ్ళీ మారుతుంది. అక్కడ ఎంత ఎత్తుకెళ్ళాడో మోడల్‌లో ఉన్న పరికరమే రాస్తుంది, వర్కింగ్ టైమ్ పది నిమిషాలు, సెకనుకి ఒక పాయింట్, ల్యాండింగ్ గురికి వేరే పాయింట్లు. పైలట్ చివరి సెకను దాకా గాల్లో ఉండి హారన్‌కి ముందే గురి మీద దింపాలని చూస్తాడు, పక్కన నిలబడ్డ హెల్పర్ ఇంకో నిమిషం, ముప్ఫై, ఇరవై, పది, తొమ్మిది అని చదువుతూ ఉండాలి. ఆ పనికి కౌంట్‌డౌన్ ఉన్న వాచీ, పెద్ద అంకెల డిస్‌ప్లే కావాలి, ఎందుకంటే అతను నిజంగానే వాచీ చూడాలి. ఫ్లైట్ టైమ్ తీసే వాచీ, కౌంట్‌డౌన్ చదివే వాచీ వేరువేరుగా ఉంచండి, రెండూ ఒకదాంట్లో ఉన్న వాచీలుంటాయి గానీ మోడ్ మార్చే బటన్ పొరపాటున తగిలితే రెండూ పోతాయి.

స్పీడ్ ఈవెంట్ల గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తా. కొండ అంచున ఎగరేసే ఎఫ్‌3ఎఫ్‌లో నూరు మీటర్ల దారి పదిసార్లు, మొత్తం కిలోమీటరు, అక్కడ నూరో వంతు నిజంగా ర్యాంకు మారుస్తుంది. అందుకే అక్కడ రెండు చివర్లా మనుషులు బటన్లు పట్టుకుని కూర్చుంటారు, అవి ఒకే టైమింగ్ సిస్టమ్‌కి కలిపి ఉంటాయి. చేతి వాచీ అక్కడ బ్యాకప్ మాత్రమే.

ఇప్పుడు డిస్‌ప్లే. ఎల్‌సీడీ వాచీకి ఎండ మంచిదే, ఎండలో ఇంకా బాగా కనపడుతుంది, ఫోన్‌లాగా వెలవెలబోదు. కానీ కూలింగ్ గ్లాసెస్ పెట్టుకున్నవాళ్ళు జాగ్రత్త, పోలరైజ్డ్ అద్దాలైతే కొన్ని కోణాల్లో ఎల్‌సీడీ మొత్తం నల్లగా కనపడుతుంది, వాచీ చచ్చిపోయిందనుకుంటారు. మీ కళ్ళజోడు పెట్టుకుని వాచీని నిలువుగా అడ్డంగా తిప్పి చూడండి, మామూలుగా పట్టుకునే కోణంలోనే నల్లబడితే వేరే కళ్ళజోడన్నా తెచ్చుకోండి, వేరే వాచీ అన్నా తెచ్చుకోండి. గ్లైడర్ పోటీకి వచ్చేవాళ్ళలో పోలరైజ్డ్ అద్దాలు చాలామందికి ఉంటాయి, ఆకాశంలో చూడ్డానికి హాయిగా ఉంటుంది కాబట్టి. ఇంకోటి, కారు డాష్‌బోర్డు మీద వాచీ వదిలేయకండి, ఆ వేడికి ఎల్‌సీడీ నల్లబడుతుంది, నీడలో పెడితే మామూలుగా కోలుకుంటుంది గానీ మీ రౌండ్ దానికోసం ఆగదు.

బ్యాటరీ చిన్న విషయమే, త్వరగా చెప్పేస్తా. మీ వాచీలో పడేది ఏదో ముందే చూసుకోండి, ఎల్‌ఆర్ 44నా, సీఆర్ 2032నా, ఒకటి అదనంగా జేబులో పెట్టుకోండి, వెనక మూత విప్పే చిన్న స్క్రూడ్రైవర్ కూడా. అంకెలు పల్చబడ్డా, బీప్ కొట్టినప్పుడు డిస్‌ప్లే వణికినా ఆ రోజే మార్చేయండి, ఇంకో పోటీ లాగుతుందిలే అనుకోవద్దు.

ఫోన్ గురించి మీలో చాలామంది మనసులో ఉందని నాకు తెలుసు. ఫోన్‌లో టైమ్ తప్పుండదు, నేనూ ఒప్పుకుంటా. కానీ గ్లాసు మీద నొక్కడంలో వేలికి ఏమీ తెలీదు, పడిందా లేదా అని కిందకి చూడాల్సిందే, చెమట వేలితో ఇంకా కష్టం. మధ్యలో కాల్ వస్తుంది, స్క్రీన్ లాక్ అవుతుంది, ఎండలో బ్రైట్‌నెస్ దానంతటదే తగ్గిపోతుంది. ఫోన్‌ని మూడో మనిషి బ్యాకప్‌గా వాడుకోండి, ఫోటోలు తీసుకోండి, అధికారిక టైమ్ మాత్రం బటన్ ఉన్న వాచీ నుంచే రావాలి. చేతి గడియారంలో ఉండే స్టాప్‌వాచ్ కూడా నాకు నచ్చదు, ఒక చేతికి పెట్టుకుని ఇంకో చేత్తో నొక్కాలి, రెండు చేతులూ దానికే పోతాయి.

ప్రశ్నలుంటే అడగండి. ఆ, చెప్పమ్మా... పాత కీ ఇచ్చే మెకానికల్ వాచీలు కాలేజీ ల్యాబ్‌లో ఉన్నాయి, వాడొచ్చా అంటోంది. బటన్ మాత్రం వాటిదే బటన్, అంత చక్కటి టక్కు ఇప్పటి వాచీల్లో అరుదు. కానీ వాటిలో ఎక్కువవాటికి ముల్లు సెకనుకి ఐదుసార్లు గెంతుతుంది, అంటే 0.2 కంటే చిన్నది చూపించదు, చమురు ఎండిపోతే నెమ్మదిగా నడుస్తాయి, ఎఫ్‌ఏఐ ఫ్రీ ఫ్లైట్‌లో డిజిటల్ అన్నారు కాబట్టి అక్కడ కుదరదు. ప్రాక్టీసుకి వాడుకో తల్లీ, పోటీకి వద్దు.

ఇంకెవరు... ఆ తమ్ముడు, చౌక వాచీ కరెక్టో కాదో ఇంట్లో ఎలా చూసుకోవాలి సార్ అంటున్నాడు. మంచి ప్రశ్న. ఢిల్లీలో నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ మన దేశపు టైమ్ నిర్వహిస్తుంది, వాళ్ళ వెబ్‌సైట్‌లో ఐఎస్‌టీ సెకన్లతో సహా కనపడుతుంది. దాన్ని చూస్తూ సరిగ్గా ఏదో ఒక నిమిషానికి స్టార్ట్ నొక్కు, మర్నాడు అదే టైమ్‌కి స్టాప్ నొక్కు, 24 గంటలు రావాలి. సెకను తేడా వస్తే ఏం ఫర్వాలేదు, పది నిమిషాలకి లెక్కేస్తే అది నూరో వంతు కంటే తక్కువే. ఐదారు సెకన్లు తేడా వస్తే వాచీలో ఏదో తేడా ఉంది, మార్చెయ్. నొక్కడంలో నీ 0.2 తప్పు 24 గంటల్లో కలిసిపోతుంది, అందుకే అంతసేపు నడపమంటున్నా.

ఇద్దరు టైమ్‌కీపర్లకి తేడా వస్తే ఏం చెయ్యాలని వెనక నుంచి అడుగుతున్నారు. మూడు నాలుగు పదో వంతులు తేడా మామూలే, రూలు ప్రకారం సగటు. రెండు మూడు సెకన్లు తేడా వస్తే ఎవరో వేరే మోడల్‌ని చూసి ఉంటారు, లేదా రెండుసార్లు నొక్కి ఉంటారు, అప్పుడు మీలో మీరు సర్దుకోవద్దు, ఒకరి టైమ్ చూసి ఇంకొకరు మార్చుకోవద్దు, రెండు వాచీలూ రీసెట్ చెయ్యకుండా అలాగే కాంటెస్ట్ డైరెక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. కాగితం మీద సంతకం అయ్యేదాకా రీసెట్ మీద వేలు పెట్టొద్దు.

సరే, టీ తర్వాత అందరూ వాచీలు తీసుకుని బయటికి రండి. అక్కడ ఒకబ్బాయి ప్రాక్టీస్ గ్లైడర్ విసురుతూ ఉంటాడు, ఇద్దరిద్దరు నిలబడి ఒకే ఫ్లైట్‌కి టైమ్ తీసి, ఒకరికొకరు చూపించుకోకుండా రాసి నాకివ్వండి. ఎవరెవరి మధ్య తేడా ఎక్కువొస్తోందో చూసి రేపటికి జతలు కలుపుతాను. వాచీ లేనివాళ్ళు ఆ టేబుల్ మీదవి తీసుకోవచ్చు, తీసుకునే ముందు మాత్రం కళ్ళు మూసుకుని నొక్కి చూసి తీసుకోండి.